అన్నయ్య ఫోన్లో మొదటి పేరు

కుట్టుమిషన్లు బాగుచేసే సూదాయన చేత ఒక మాట అనిపించడం కంటే తుప్పుపట్టిన మర తిప్పడం తేలికని ఆ వీధిలో అందరూ అనేవాళ్ళు. మరకి కాస్త నూనె పోసి ఆగితే కదులుతుంది. ఆయన కదలడు. ఎవరైనా కుట్టుమిషను తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏదో చప్పుడొస్తోందండీ" అంటే, వింటూనే చక్రం ఒకసారి తిప్పి చూసి "ఊఁ" అనేవాడు. బాగుచేసి చేతికిచ్చేటప్పుడు మళ్ళీ "ఊఁ" అనేవాడు. మొదటి ఊఁకి ఉంచి వెళ్ళమని, రెండో ఊఁకి తీసుకెళ్ళమని అర్థం. పాత ఖాతాదార్లకి ఇది అలవాటే. కొత్తవాళ్ళు మాత్రం ఈయనకి మన మీద కోపమేమోనని బెదిరిపోయేవాళ్ళు.

షాపు సూదాయన వాళ్ళ నాన్న పెట్టింది. బోర్డు మీద ఇప్పటికీ నాన్న పేరే. రెండు గదులు. ముందు గది పెద్ద వీధిలోకి ఉంటుంది, అద్దాల తలుపుతో. వెనక గదికి సందులోకి ఒక ఇరుకు గుమ్మం, ఆ గుమ్మానికి అటు మురుగు గొట్టం, ఇటు పక్కింటి వాళ్ళ సైకిళ్ళు. రెండు గదుల మధ్యా ఒక తలుపుంది. దానికి గడియ లేదు. నాన్న మంచం పట్టాక ముందు గది పెద్దాడికీ వెనక గది చిన్నాడికీ అని పంచాడు. మధ్య తలుపుకి గడియ బిగించమంటారా అని వడ్రంగి అడిగితే, "అన్నదమ్ముల మధ్య గడియెందుకయ్యా" అన్నాడు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

చిన్నాడు, చిన్నోడు, ఏదైనా సూదాయన తమ్ముడే. పెళ్ళై, పిల్లలు పుట్టి, నడినెత్తి మీద జుట్టు పలచబడినా అన్నకి వాడు చిన్నోడే. అమ్మ పోయేనాటికి వాడికి ఊహ కూడా తెలియదు. సూదాయన పెడల్ తొక్కుతూ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే, గిర్రున తిరిగే చక్రం చూస్తూ నోరు తెరిచేవాడు. ఆ తెరిచిన నోట్లో అక్క ముద్ద పెట్టేసేది. అలా పెరిగాడు. అన్న వంతు మాటలు కూడా దేవుడు వాడికే ఇచ్చాడేమో అన్నట్టుండేవాడు. నాలుగు చోట్ల నాలుగు పనులు చేసి, ఒక్కచోటా కాలు నిలవక, చివరికి వెనక గదిలో కొత్త కుట్టుమిషన్లు అమ్మే వ్యాపారం పెట్టాడు. సందులోకొచ్చి కొత్త మిషను కొనేదెవరు? అట్టపెట్టెలు అట్టపెట్టెల్లాగే ఉండిపోయాయి.

ఒక మధ్యాహ్నం చిన్నోడు కుర్చీ లాక్కుని అన్న బల్ల పక్కన కూర్చున్నాడు.

"అన్నయ్యా, నీకొక వెబ్‌సైటు చేసిపెడతాను."

సూదాయన బాబిన్ తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఇప్పుడు మిషను చెడితే ఎవరైనా వీధిలో పడి వెతుకుతున్నారా? పడుకున్న చోటే పడుకుని ఫోన్లో వెతుకుతున్నారు. ఎవరి పేరు మొదట వస్తే వాళ్ళకే ఫోన్ చేస్తారు. రెండో పేరు చదివే ఓపిక లేదు జనానికి."

"మొదటి పేరు ఎవరేస్తారు?"

"ఎవరూ వెయ్యరు. మనమే ఎక్కాలి. మెట్లెక్కినట్టు ఒక్కొక్కటీ ఎక్కాలి. పేజీలో సరుకుండాలి. దారం ఎందుకు తెగుతుంది, కుట్టు ఎందుకు దాటిపోతుంది, సూది ఎందుకు విరుగుతుంది, ఇలాంటివే జనం ఫోన్ని అడుగుతారు. జవాబు మన పేజీలో ఉంటే మనల్ని పైకి లేపుతుంది. అందుకే నువ్వు మాట్లాడాలి."

"నేనా?"

"నువ్వే. నీకు తెలిసినంత ఎవడికి తెలుసు? నువ్వు చెప్పు, నేను రికార్డు చేసుకుని రాసుకుంటాను. నోరు నొప్పెడితే చెప్పు, నూనె పోస్తాను."

సూదాయన నవ్వాడు. ఆయన నవ్వు మీసం కిందే పుట్టి మీసం కిందే ఆగిపోయేది, అయినా చిన్నోడికి తెలిసేది.

అలా మొదలైంది. పని సద్దుమణిగాక చిన్నోడు ఫోను బల్ల మీద పెట్టేవాడు. మొదట్లో సూదాయన ఆ ఫోన్ని తేలుని చూసినట్టు చూసేవాడు. ఒక్క ముక్క చెప్పి ఆగిపోయేవాడు. "తర్వాత?" అనేవాడు చిన్నోడు. మెల్లిగా మాట దారిలో పడింది. దారం తెగితే దారాన్ని తిట్టకండి, ముందు సూదిని చూడండి, అన్నాడు ఒకసారి. ఇంకోసారి, మిషను బిగుసుకుపోయిందంటే అలిగిందని, బలవంతం చెయ్యకూడదని, కింద మూత తీసి దూది ముక్కలు ఏరెయ్యాలని చెప్పాడు. పాత మిషను చప్పుడు చేస్తే పారెయ్యకండి, అది పిలుస్తోంది, ఏమిటో కనుక్కోండి, అన్నాడు. ఇవన్నీ తనలో ఉన్నాయని ఆయనకే తెలియదు. చెబుతుంటే బయటికొచ్చాయి.

ఇంట్లో ఆవిడ ఊరుకుంటుందా. "పెళ్ళైన దగ్గర్నుంచి నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు మీరు. ఆ ఫోనుకేముందో నాకేం లేదో చెబితే నేనూ అలాగే బల్ల మీద పడుకుంటాను" అంది.

"ఊఁ" అన్నాడు.

"ఇదిగో, మళ్ళీ నా వంతుకి ఊఁ."

నాన్న పేరుతోనే పేజీలు తయారయ్యాయి. చిన్నోడు అన్న చేతులకి ఫోటోలు తీశాడు, మొహానికి తీస్తే జనం పారిపోతారని నవ్వుతూ. మిషను తీసుకెళ్ళేవాళ్ళని గుమ్మం దగ్గర ఆపి, "కాస్త నాలుగు మంచి మాటలు రాయండి, పుణ్యముంటుంది" అని వాళ్ళ ఫోన్లలోనే రాయించేవాడు. అడగడానికి సూదాయనకి సిగ్గు. తమ్ముడు అడుగుతుంటే తల దించుకుని మరలు ఏరుకునేవాడు. తన కోసం వాడు ఇంత తిరుగుతున్నాడే అని కడుపు నిండినట్టుండేది.

పైకి ఎక్కిందీ లేనిదీ ఎలా తెలుస్తుంది? దానికి చిన్నోడు పద్ధతి చెప్పాడు. "నీ ఫోన్లో కుట్టుమిషను రిపేరు అని కొట్టు. మన పేజీ ఎక్కడుందో చూడు. కనిపించగానే నొక్కు. లోపలికెళ్ళి చదువు. రోజూ చెయ్యాలి, మానకూడదు."

సూదాయనకి చెప్పిన పని చేయడం తెలుసు. పొద్దున్నే షాపు తలుపు తీసి, బల్ల తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేవాడు. మొదట్లో వాళ్ళ పేజీ ఎక్కడో అడుక్కుండేది. బొటనవేలితో తోసుకుంటూ పోయి, దొరికించుకుని, నొక్కి, తన మాటలు తనే చదువుకునేవాడు. రాన్రానూ అది పైకొచ్చింది. మొదటి వరసల్లోకొచ్చింది. ఒకరోజు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అందరికంటే పైన నాన్న పేరు.

మధ్య తలుపు తోసుకుని వెనక గదిలోకి వెళ్ళి ఫోను చూపించాడు. చిన్నోడు చూసి, "నేను చెప్పలా? మనమే ఫస్టు అన్నయ్యా" అన్నాడు.

ఆ రోజు ఇంటికి పోయి ఆవిడకి తనంతట తనే చూపించాడు. ఆవిడ మురిసిపోయి, "నా ఫోన్లో కూడా వస్తుందా, ఇటివ్వండి చూద్దాం" అంది. చిన్నోడు ఏదో పని మీద అక్కడే ఉన్నాడు. "నీది పాతకాలం ఫోను వదినా, అందులో ఏదీ సరిగా రాదు. ముందు నీకొక మంచి ఫోను కొనిపించుకో" అన్నాడు. "కొంటాడు మీ అన్న, ఊఁ అని" అంది ఆవిడ. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ తర్వాతే చిన్నోడు అక్కని వెంటబెట్టుకుని వచ్చాడు.

అక్క ముందు గదిలో కుర్చీలో కూర్చుంది. ఆమె మాటంటే ఇద్దరికీ నాన్న మాటే. చిన్నోడు నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు. "అన్నయ్య పేరు ఇప్పుడు ఫోన్లో మొదటిది అక్కా. వీధి మొహం ఆయనకింక అక్కర్లేదు. సందులో ఉన్నా, సొరంగంలో ఉన్నా వెతుక్కుంటూ వస్తారు. నాకే వీధి కావాలి. కొత్త మిషను అద్దంలో పెట్టి చూపిస్తేనే కదా కొనేది. గదులు మార్చుకుంటే ఇద్దరం బతుకుతాం."

"ఏరా, నిజమేనా, ఫోన్లో నీదే మొదటిదా?" అని అక్క అడిగింది.

"ఆయన ఫోన్లో చూడు అక్కా, నా మాటెందుకు" అన్నాడు చిన్నోడు.

సూదాయన తన ఫోను తీసి, కొట్టి, అక్క చేతికిచ్చాడు. అక్క దూరంగా పెట్టుకుని చదివింది. నాన్న పేరు చూడగానే కళ్ళు చెమ్మగిల్లాయి ఆమెకి. "మరింకేం. చిన్నోడు నీకోసం ఇంత చేశాడు. వాడికి వీధి ఇచ్చెయ్" అంది.

సూదాయన ముందు గది చుట్టూ ఒకసారి చూశాడు. నాన్న కూర్చున్న చోటు. పొద్దుటెండ అద్దంలోంచి పడి బల్ల మీద ఆగే చోటు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ ఎండలోనే పని చేశాడు.

"ఊఁ" అన్నాడు. మాటిచ్చినట్టే.

బల్ల వెనక గదికి వెళ్ళింది. బల్లతోపాటు నూనె మరకలున్న గుడ్డలు, మరల డబ్బాలు, నాన్న ఫోటో. బోర్డు మాత్రం ముందు వైపే ఉంచాడు చిన్నోడు, "నాన్న పేరు వీధిలో ఉండాలి కదన్నయ్యా" అని. సందువైపు అట్టముక్క మీద బాణం గుర్తు వేసి అతికించాడు. మొదటి వానకే అది నాని ఊడి పడింది.

ఇక్కడ్నుంచి జనం రావడం తగ్గింది. తగ్గడమంటే అలా ఇలా కాదు. ఒక్కోనాడు సందులో పిల్లి తప్ప ఎవరూ గుమ్మం తొక్కేవాళ్ళు కాదు. సూదాయన పొద్దున్నే ఫోను చూసేవాడు. మొదటి పేరు మనదే. మరి జనమేరి? ఎండాకాలం కదా అని ఒకసారి, పిల్లల పరీక్షలు కదా అని ఒకసారి సరిపెట్టుకున్నాడు. చిన్నోడిని అడిగితే, "పండేదాకా ఆగాలి అన్నయ్యా. మనమే ఫస్టు, దిగులెందుకు" అనేవాడు. రోజూ సాయంత్రం మధ్య తలుపు తోసుకుని టీ గ్లాసు తెచ్చిచ్చి, అన్న ఫోను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో టపటపా ఏదో కొట్టి, "ఇదిగో, ఫస్టు" అని చూపించి వెళ్ళేవాడు. ముందు గదిలో అద్దాల తలుపు గంట మోగుతూనే ఉండేది. చిన్నోడి వ్యాపారం పుంజుకుంది, పోనీలే, వాడైనా బాగున్నాడు అనుకునేవాడు సూదాయన. అనుకుని, ఖాళీ బల్లని మళ్ళీ తుడిచేవాడు. ఇంట్లో ఆవిడ మొగుడి మొహం చూసి హాస్యాలు తగ్గించేసింది.

ఒకరోజు సందులో అడుగుల చప్పుడైంది. పరదాలు కుట్టే ఆవిడ మిషను చంకన పెట్టుకుని, సైకిళ్ళు తప్పించుకుంటూ వచ్చింది. పాత మనిషి. ఆ మిషను ఆమెకి వాళ్ళత్త ఇచ్చింది, సూదాయనకి దాని ప్రతి మరా తెలుసు.

"ఇక్కడున్నారా బాబాయ్ గారూ? ఎలకల కన్నంలో దాక్కున్నట్టు ఇదేంటండీ. మిషను నడిపి చూస్తున్న చప్పుడు వినబడబట్టి వచ్చాను. ఈ చప్పుడు మీదే."

"ముందు వైపు అడగలేకపోయావా అమ్మా."

"అడిగాను. పాతది బాగుచెయ్యడం దండగ, ఇది ఇచ్చేసి కొత్తది పట్టుకెళ్ళమన్నారు. కుట్టుమిషనా, పళ్ళసెట్టా అండీ, పాతది పీకి కొత్తది పెట్టించుకోడానికి?"

"వ్యాపారం కదమ్మా" అన్నాడు సూదాయన. మూత తీసి లోపల చూడసాగాడు.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. తమ పరదాలు కూడా ఫోన్లోనే అమ్ముడవుతున్నాయని, తన వెబ్‌సైటు తనే చూసుకుంటానని చెప్పుకొచ్చింది. సూదాయనకి ఉత్సాహం వచ్చింది. ఎవరికీ చెప్పుకోని మనిషి ఆవిడకి చెప్పాడు. "మాది కూడా ఉందమ్మా. ఫోన్లో మాదే మొదటిది."

"అయ్యో, నాకు తెలియనే తెలియదే. చూస్తానుండండి." తన ఫోను తీసి కొట్టింది. నుదురు ముడిచింది. "మొదటిది మీది కాదు బాబాయ్ గారూ. ముందు గది వాళ్ళది."

"బోర్డు అదే కదా. నాన్న పేరే అయ్యుంటుంది."

"కాదండీ. కొత్త మిషన్ల షాపు. మీ తమ్ముడి గారి ఫోటో ఉంది, సూటు తొడుక్కుని." కిందికి జరిపి చదివింది. "దారం తెగితే దారాన్ని తిట్టకండి, ముందు సూదిని చూడండి. పాత మిషను చప్పుడు చేస్తే పారెయ్యకండి, అది పిలుస్తోంది..." చదవడం ఆపి తలెత్తింది. "ఇవి మీ మాటల్లా ఉన్నాయే?"

సూదాయన చేతిలో మరతిప్పే పుల్ల కదలకుండా ఉండిపోయింది. "పొరపాటున అటు పడుంటాయి" అన్నాడు.

"ఇదిగో, నేను రాసిన మంచి మాటలు కూడా ఇక్కడే ఉన్నాయి. నేను మీకు కదా రాశాను."

"అడ్రసు ముందు గదిది కదమ్మా. అందుకని ఉంటుంది."

ఆవిడ ఇంకా కిందికి జరుపుకుంటూ పోయింది. చాలాసేపు పోయింది. చివరికి మెల్లిగా, "మీ పేజీ ఉంది. అడుగున ఎక్కడో ఉంది. అవే మాటలు రెండు చోట్లా ఉంటే ఫోను ఒకరిదే అసలనుకుంటుంది బాబాయ్ గారూ. రెండోవాళ్ళని చూసిరాసిన వాళ్ళ కింద కట్టి వెనక్కి నెట్టేస్తుంది" అంది.

సూదాయన తన ఫోను తీశాడు. పొద్దున కొట్టినట్టే కొట్టి ఆవిడకి చూపించాడు. మొదట నాన్న పేరు.

ఆవిడ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసి, నిట్టూర్చింది. "ఇది మీ మొహం చూసి మాట్లాడుతోంది. రోజూ మీరు ఎవరింటికి వెళ్తారో దానికి తెలుసు. అందుకని వాళ్ళిల్లే ముందు చూపిస్తుంది. నేనూ మొదట్లో ఇలాగే పొంగిపోయాను. నా ఫోన్లో నేనే మహారాణిని. మా ఆడపడుచు ఫోన్లో చూస్తే నా పేరు చెత్తబుట్ట పక్కనుంది. ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో చూడాలంటే వేరేవాళ్ళ ఫోన్లో చూడాలి. ఈ పని చేసే వాళ్ళందరికీ తెలిసిందే ఇది."

"మావాడికి తెలిసుండదు."

"తెలిసుండదేమో లెండి" అంది ఆవిడ, ఆయన మొహం చూసి.

మిషను బాగైంది. ఆవిడ లేవబోతుంటే సూదాయన అడిగాడు. "ఇది నన్ను మర్చిపోయేలా చెయ్యొచ్చా అమ్మా?"

ఆవిడకి అర్థమైంది. ఆయన ఫోను తీసుకుని, అది దాచుకున్న పాత వెతుకులాటలన్నీ తుడిచేసి, మళ్ళీ కొట్టి చూపించింది. మొదటిది సూటు తొడుక్కున్న చిన్నోడు. నాన్న పేరు కనబడే దూరంలో లేదు.

ఆవిడ వెళ్ళాక సూదాయన పని లేకుండా కూర్చున్నాడు. వాడికి తెలియదు. తెలియక చేశాడు. నా ఫోన్లో చూసి వాడూ నమ్మాడు. ఈ మూడు ముక్కలే తిప్పి తిప్పి అనుకున్నాడు. బిగుసుకున్న చక్రాన్ని చేత్తో తిప్పినట్టు, కాస్త కదిలి మళ్ళీ అక్కడికే వచ్చి ఆగుతోంది. ఇంట్లో ఆవిడ ఫోను పాతదని వాడన్నది ఒకసారి గుర్తొచ్చింది. ఆయన ఫోన్లో చూడు అక్కా, నా మాటెందుకు, అన్నది గుర్తొచ్చింది. వాటిని పక్కకి తోశాడు. చూద్దాం. వాడి చేతికే ఇద్దాం. అబద్ధమాడేవాడైతే ఆ మొహం నాకు తెలియదా. ఒళ్ళో పెట్టుకుని పెంచినవాణ్ణి.

సాయంత్రం చిన్నోడు టీ గ్లాసుతో మధ్య తలుపు తోసుకుని వచ్చాడు.

"చిన్నోడా, మనం ఎక్కడున్నామో చూడు" అని సూదాయన ఫోను ఇచ్చాడు.

"ఎక్కడుంటాం? పైనే." చిన్నోడు టపటపా కొట్టాడు. చూశాడు. బొటనవేలు ఆగింది.

సూదాయన వాడి మొహమే చూస్తున్నాడు. ఆశ్చర్యపోతాడని చూస్తున్నాడు. ఇదేంటన్నయ్యా, నా పేజీ వచ్చింది, నీదేమైంది, అంటాడని. ఆ ఒక్క మాట అంటే చాలు, గదీ వద్దు, వీధీ వద్దు, మిగిలినదంతా తనే మర్చిపోతాడు. గుండెల్లో ఆ మాట కోసం చోటు చేసి పెట్టుకున్నాడు.

చిన్నోడు ఆశ్చర్యపోలేదు. గొంతు సవరించుకున్నాడు. "నెట్టు సరిగా లేనట్టుంది" అని, ఫోను కొంచెం అటు తిప్పుకుని, మళ్ళీ కొట్టాడు. ఈసారి ఎక్కువసేపు కొట్టాడు. తర్వాత ఫోను అన్న మొహం ముందు పెట్టాడు, మామూలు నవ్వుతోనే. "ఇదిగో, ఫస్టు."

మొదట నాన్న పేరు ఉంది. పైన, వెతికే గళ్ళో ఏం కొట్టాడో అది కూడా ఉంది. కుట్టుమిషను రిపేరు అని లేదు. నాన్న పేరు ఉంది, ఇంటిపేరుతో సహా.

సూదాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాన్న పేరు కొడితే నాన్న పేరు రాక ఎవరి పేరొస్తుందిరా?"

చిన్నోడు నవ్వు మొహమ్మీద అలాగే ఉంది, వెనకాల మాత్రం ఏమీ లేదు. టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరో నీకేదో చెప్పారు."

"నువ్వు చెప్పు."

"నువ్వు సంతోషపడుతున్నావు కదా అన్నయ్యా. నీకలా సంతోషం నేనెప్పుడైనా చూశానా? చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను."

చిన్నోడికి అన్న మౌనం అలవాటే. కానీ ఈ మౌనం దగ్గర నిలబడలేకపోయాడు. అటు తిరిగి, ఇటు తిరిగి, అసలు మాట తనే కక్కాడు.

"కొత్త మిషను కావాలని ఎవడూ వెతకడన్నయ్యా. చెడిపోయినప్పుడే వెతుకుతారు. అప్పుడు దొరికితేనే కొత్తది అంటగట్టగలం. వాళ్ళు నీ దగ్గరికొస్తే నువ్వేం చేస్తావు? బాగుచేసి పంపేస్తావు. ఇంక కొనేదెవరు? నాకూ పిల్లలున్నారు."

"నన్నడిగితే గది ఇవ్వకపోదునా?"

"ఇచ్చేవాడివే" అన్నాడు చిన్నోడు, తల దించుకుని. "జనాన్ని ఇవ్వలేవు కదా. నువ్వు ముందుంటే వాళ్ళు నీ దగ్గరే ఆగిపోతారు. నీకు తెలియదు కానీ, ఈ వీధిలో నీ పేరు అలాంటిది."

అన్న గురించి వాడంత మంచి మాట ఎన్నడూ అనలేదు. అనాల్సిన చోటు ఇదే దొరికింది వాడికి.

సూదాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "గది ఉంచుకో. మాటిచ్చాను. ఆ మాటలు తీసెయ్."

"ఏ మాటలు?"

"నేను చెప్పినవి. దారం గురించి, సూది గురించి. నీ పేజీలోంచి తీసెయ్."

చిన్నోడు లెక్కలు వేసుకుంటున్నట్టు కళ్ళు పక్కకి తిప్పాడు. "అవి తీస్తే పేజీ దబ్బున కింద పడుతుంది అన్నయ్యా. పైకి లేపిందే అవి."

"తీస్తావా?"

"చూద్దాంలే అన్నయ్యా." తలుపు దాకా వెళ్ళి, "అక్కకేం చెప్పకు" అన్నాడు. తలుపు తోసుకుని ముందుకి వెళ్ళిపోయాడు. ముందు గదిలో గంట మోగింది. "రండి, రండి, లోపలికి రండి" అని వాడి గొంతు వినబడింది, ఏమీ జరగనట్టు.

టీ మీద మీగడ కట్టింది. సూదాయన ముట్టుకోలేదు. మాటలు తిరిగొచ్చేవి కావు. దొంగ ఎత్తుకుపోతే పోలీసులకి చెప్పొచ్చు, ఇవి తనే కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ వాడి చేతిలో పెట్టాడు. తర్వాత? తర్వాత? అని వాడు అడుగుతుంటే.

మర్నాడు పొద్దున ఆయన ఫోను తీయలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక ఇనుప గడియ వెతికి తీశాడు. దాని తుప్పు గోకి, నూనె రాసి, మధ్య తలుపుకి తన వైపు బిగించాడు. పాత చెక్క గట్టిది, మరలు ఎక్కడానికి మొరాయించాయి. తొందరపడకుండా ఒక్కొక్కటీ తిప్పాడు. గోడ మీద ఫోటోలోంచి నాన్న చూస్తున్నాడని తెలుసు. అటు తిరగలేదు. గడియ వేసి, ఒకసారి లాగి చూసి, వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

పరదాలావిడ చెప్పిందేమో, సాయంత్రానికి సందులోంచి ఒకామె మిషను పట్టుకుని వచ్చింది. కొత్త మనిషి. బల్ల మీద పెట్టి ఆయాసం తీర్చుకుంది.

"దారం తెగిపోతోందండీ ఊరికే. ముందు దారాన్ని తిట్టొద్దు, సూదిని చూడమని ఫోన్లో చదివి సూది కూడా మార్చాను. ఎంత బాగా రాశారో ఆయన, ముందు గదిలో ఆయనేట కదా. ఇంట్లో మనిషి పక్కన కూర్చుని చెప్పినట్టుంది. మీరు చదివారా?"

సూదాయన చక్రం తిప్పి చూశాడు. సూది మార్చినా దారం ఎందుకు తెగుతోందో ఆ తిప్పడంలోనే ఆయనకి తెలిసింది. లోపల చిన్న అంచు గరుకు తేలింది. అది చెప్పడానికి మాట నోటిదాకా వచ్చింది. కొత్తగా వచ్చిన అలవాటు. దాన్ని మింగేశాడు.

"ఊఁ" అన్నాడు.

ఆమె బెదిరిపోయి స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. ఆయన మూత తీసి, సన్నని ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నాడు.

మధ్య తలుపు అవతలి నుంచి కదిలింది. కదిలి ఆగింది. ఎప్పుడూ ఆగని తలుపు. ఇంకోసారి తోశారు. తర్వాత మెల్లిగా తట్టారు.

"అన్నయ్యా. టీ."

సూదాయన ఉప్పుకాగితం మడిచి అంచు మీద రుద్దుతున్నాడు.

"అన్నయ్యా, తలుపు బిగుసుకుందా? అన్నయ్యా."

వచ్చినామె తలుపు వైపూ ఆయన వైపూ చూసింది. "మిమ్మల్నేమో అండీ, ఎవరో పిలుస్తున్నారు."

సూదాయన రుద్దిన చోట వేలు పెట్టి చూసుకున్నాడు. ఇంకా గరుకుంది.

"నన్ను కాదమ్మా" అన్నాడు. "ముందు గదిలో ఒకాయన ఉంటాడు. వాళ్ళన్నయ్య కోసం పిలుస్తున్నట్టున్నాడు."